సున్నా బైట్లు

మా ఆఫీసు బ్యాకప్ డిస్కులో ఇప్పుడు ఓనరు కూతురి ఓణీల ఫంక్షన్ వీడియో ఉంది. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్టుకు అవతల, టైల్స్ షాపు పైన రెండో అంతస్తులో మా ఆఫీసు. మొత్తం ఏడుగురం. బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీల కోసం ఒక ప్రోగ్రాము తయారుచేస్తాం. పాలిష్ అయిన బండ బెల్టు మీద పోతుంటే పైనున్న కెమెరా ఫొటో తీస్తుంది. మా ప్రోగ్రాము ఆ బండ పొడవూ వెడల్పూ కొలిచి, మూల విరిగిందా, గీత పడిందా చూసి, ఏ వరసలో పేర్చాలో చెబుతుంది. అయిదేళ్ళుగా నా పని అదే. తడి బండ మీద లైటు పడి మెరిస్తే కెమెరా దాన్ని గీత అనుకునేది. ఆ ఒక్క సంగతి సరిచేయడానికి నాకు ఒక వేసవి మొత్తం పట్టింది.

ఇలాంటి పనిలో ప్రోగ్రాముతో పాటు దాని చరిత్రనూ దాచుకుంటాం. ఏ రోజు ఎవరు ఏ లైను మార్చారు, ఎందుకు మార్చారు, అంతకు ముందు ఎలా ఉండేది, అంతా వరసగా ఉండే చోటును రెపో అంటాం. మామూలుగా అయితే పనిచేసే ప్రతివాళ్ళ కంప్యూటర్లోనూ రెపో పూర్తి నకలు ఒకటి ఉంటుంది. ఒకటి పాడైతే ఇంకొకటి ఆదుకుంటుంది. మా ఓనరు ఆ నకళ్ళను నిషేధించాడు. ఎవరైనా ఎత్తుకుపోయి సొంతంగా వ్యాపారం పెట్టుకుంటారని ఆయన భయం. అందుకని అందరం మూలగదిలో ఉన్న ఒకే కంప్యూటర్లోకి మా మా సీట్ల నుంచి లాగిన్ అయి, అందులోనే రాయాలి. సర్వరు అని పేరేగానీ అదీ ఒక మామూలు కంప్యూటరే.

అది మంచిది కాదని నేను ఒకసారి చెప్పాను. "చూద్దాంలేమ్మా" అన్నాడు. నేను ఊరుకున్నాను. నా కోపంలో సగం ఆయన మీద, మిగతా సగం ఆ ఊరుకోవడం మీద.

ఉన్న ఒకే ఒక్క రక్షణ నా సొరుగులోని నల్లటి డిస్కు. ప్రతి శనివారం సాయంత్రం రెపోను దాంట్లోకి ఎక్కించి ఇంటికి పోయేదాన్ని. ఫంక్షన్ అయిన తర్వాతి రోజు ఓనరు వచ్చి, వీడియో తెచ్చుకోవాలి, రెండు రోజుల్లో ఇస్తానని ఆ డిస్కు తీసుకుపోయాడు. రెండు రోజులు రెండు నెలలైంది.

దాని గురించి గట్టిగా అడిగింది మా అందరిలోకీ చిన్నది. ఒంటిమిట్ట దగ్గరి పల్లె పిల్ల. కడపలో ఇంజనీరింగ్ చదివి మా దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. నన్ను అక్కా అని పిలిచేది. ఒక సోమవారం మీటింగులో, అందరి ముందూ లేచి నిలబడి అడిగింది.

"సార్, బ్యాకప్ డిస్కు ఎప్పుడిస్తారు?"

"ఇస్తాలేమ్మా."

"పోయిన వారం గూడ అట్లనే చెప్పినారు సార్. యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయినాయి. కరెంటు పోతే మిషన్ ఒక్కసారిగా పడిపోతాండాది. ఎప్పుడన్నా అంతా పోతాది."

ఓనరు ముఖం మారిపోయింది. "నాకు పాఠం చెప్పేకి వచ్చినావా నువ్వు ఈడికి?"

"పాఠం కాదు సార్, డిస్కు అడుగుతాండా."

ఆయన నావైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు సీనియర్‌వి. నీకు లేని భయం ఈ పిల్లకెందుకు?"

అక్కడ నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. ఆ అమ్మాయి చెప్పింది నిజం అని. నేను కీబోర్డు వైపు చూసి "నేను చూస్తాను సార్" అన్నాను. ఏం చూస్తాను? ఏమీ లేదు. అది మాట కాదు, గొంతు సవరించుకోవడం లాంటిది.

ఆ శుక్రవారం ఆ పిల్లను రేపటి నుంచి రావద్దన్నారు. ప్రవర్తన బాగాలేదట. పనిచేసినట్టు ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా ఇవ్వలేదు. బ్యాగు సర్దుకుని నా సీటు దగ్గర ఒక్క క్షణం ఆగింది. నేను ఏదో టైపు చేస్తున్నట్టు నటించాను. తను మెట్లు దిగిపోయే చప్పుడు విన్నాను. తర్వాత చూస్తే స్క్రీను మీద అర్థంపర్థం లేని అక్షరాలు ఉన్నాయి.

ఆరు వారాల తర్వాత, మే నెలలో, పట్టపగలు పదకొండు గంటలకు కరెంటు పోయింది. వచ్చింది. మళ్ళీ పోయింది. మళ్ళీ వచ్చి, మేం సర్వరు ఆన్ చేసి అది సగం లేచేసరికి ఇంకోసారి పోయింది. చివరికి ఆన్ చేశాక రెపో తెరిస్తే ఎర్రటి అక్షరాల్లో ఒక వరస వచ్చింది. ఈ ఫైలు ఖాళీగా ఉంది. ఈ ఫైలు ఖాళీగా ఉంది. ఇది చదవలేకపోతున్నాను. లోపలికి వెళ్ళి చూశాను. పేర్లు ఉన్నాయి, పరిమాణం దగ్గర సున్నా బైట్లు. పాత చరిత్రంతా మూటగట్టి ఉండే పెద్ద ఫైలుకు కూడా మధ్యలో దెబ్బ తగిలింది. మేం తెరిచి రాసుకుంటున్న ఫైళ్ళు కొన్ని తెల్లకాగితాలైపోయాయి.  

ఓనరు వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏమయిందమ్మా?"

"రెపో పాడయింది సార్."

"దాన్ని డిలీట్ చేసి మళ్ళీ పెట్టు."

"యాడ నుంచి పెట్టాల సార్? డిస్కులోది చెరిపేసి వీడియో ఎక్కించుకున్నారు గదా."

"ఈరోజు ఫైళ్ళు ఉండాయి గదా. పాతవన్నీ ఎందుకు మనకు?"

బేతంచెర్లలో ఒక్కో ఫ్యాక్టరీలో ఒక్కో రకం కెమెరా, ఒక్కో వేగంతో నడిచే బెల్టు. ఒక్కొక్కరికి ఒక్కో రోజు నాటి ప్రోగ్రాము పెట్టి వచ్చాం. రేపు ఒక ఫ్యాక్టరీ నుంచి కొలత తప్పుతోందని ఫోను వస్తే, అక్కడ ఏది నడుస్తోందో చరిత్ర లేకుండా చెప్పలేం. ఈ సంగతి వివరిస్తుండగానే ఆయన వంగి మౌసు పట్టుకోబోయాడు.

"చేయి తీయండి సార్."

అయిదేళ్ళలో ఆయనతో నేను గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి. ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. పాడైన రెపో మీద ఏ పని చేసినా ఇంకా పాడవుతుంది. ముందు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా వేరే డిస్కులోకి ఎక్కించి, అసలు దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. పక్క సీటులో ఉన్న అబ్బాయి తన సొంత డిస్కు బ్యాగులోంచి తీసి ఇచ్చాడు. రెపోతో పాటు మా అందరి ఫోల్డర్లూ దాంట్లోకి ఎక్కించాను.

ఓనరు వెళ్ళి గంట తర్వాత నన్ను తన గదికి పిలిచాడు. టేబుల్ మీద ఒక తెల్లకాగితం, పెన్ను.

"ఆ పిల్లే చేసింటాది. పోతా పోతా ఏదో పెట్టి పోయింటాది. పోలీసులకు కంప్లయింటు ఇద్దాం. నువ్వు రాయి, టెక్నికల్‌గా ఎట్ల చేసిందో."

నాకు ఒక్కసారిగా అర్థమైంది. పోయిన పని గురించి ఆయనకు ఏ బాధా లేదు. తప్పు ఎవరి నెత్తిన పెట్టాలనేదే ఆయన వెతుకులాట.

"కరెంటు పోయినప్పుడు ఆ పిల్ల ఈడ లేదు సార్. నేనుండా."

"అయితే నువ్వు చేసినావా?"

కాగితం దగ్గరికి లాక్కుని రాశాను. బ్యాటరీలు పాడై నాలుగు నెలలైంది. బ్యాకప్ డిస్కును ఫలానా పనికి తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. నకళ్ళు ఉంచుకోవద్దని ఆజ్ఞ. ఈ మూడూ కలిసి ఇలా అయింది. సంతకం పెట్టి ఆయన వైపు తిప్పాను. చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. "నీకు గూడ పొగరెక్కిందమ్మా" అన్నాడు. నేను లేచి వచ్చేశాను. బాత్రూములోకి వెళ్ళి ముఖం మీద నీళ్ళు చల్లుకున్నాను. ట్యాంకు నీళ్ళు కాలుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన చలికాలం ఆ పిల్ల అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు తను రెండు వారాలు ఇంటి నుంచి పనిచేసింది. అంత దూరం నుంచి సర్వరు అందక, తన సొంత ల్యాప్‌టాప్‌లోకి పూర్తి నకలు తీసుకుంది. ఓనరే మెయిల్లో సరే అన్నాడు, ఆ మెయిల్ నాకూ వచ్చింది. తర్వాత కూడా నెట్టు పనిచేయని రోజుల కోసం దాన్ని ఎప్పటికప్పుడు కొత్తది చేసుకునేది. ఆయన ఆ మెయిల్ సంగతే మరిచిపోయాడు.

ఫోను చేశాను. కట్ చేసింది. మళ్ళీ చేశాను. మళ్ళీ కట్ చేసింది. ఆ కోపం మీద మాత్రం నాకు కోపం రాలేదు.

ఆదివారం తెల్లవారే కడప బస్సెక్కాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు. కిటికీలోంచి వేడిగాలి కొడుతుంటే దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఒక్క మాటా నచ్చలేదు. కడపలో దిగి ఒంటిమిట్ట వైపు ఇంకో బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాళ్ళమ్మ వరండాలో శనక్కాయలు వలుస్తోంది.

"కర్నూలు నుంచి వచ్చినా అమ్మా. ఆఫీసులో కలిసి పనిచేసినాం."

ఆవిడ తలెత్తి ఎండకు కళ్ళు చిట్లించి చూసింది. "నువ్వేనా ఆ అక్క?"

"అవునమ్మా."

"నీ గురించి శానా చెప్పేది. అక్క నేర్పిస్తాది, అక్క ఉండాది అని. పని పోయినాక నీ పేరే ఎత్తలే." ఆ మాటను తిట్టుగా కాకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. "చర్చికి పోయింది. వస్తాది. కూచో." చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి మళ్ళీ చేట ముందు కూర్చుంది. నేనూ రెండు చేతులా శనక్కాయలు వలవడం మొదలుపెట్టాను. ఆవిడ వద్దనలేదు.

ఆ పిల్ల వచ్చేసరికి పన్నెండయింది. చేతిలో బైబిలు, తెల్ల చున్నీ. నన్ను చూసి గేటు దగ్గరే ఆగింది.

"ఏం పని మీద వచ్చినావక్కా?"

"రెపో పోయింది."

"తెల్సు. ఎవరో మెసేజి పెట్టినారు. నేనే చేసినానని కంప్లయింటు గూడ ఇస్తారంట గదా."

"నేను రాయలేదు. రాయను."

"ఆ రోజు గూడ నువ్వేం చేయలేదు. అదే నా బాధ. సార్ అరిచినందుకు కాదు. ఆయన అట్లాంటోడే. నువ్వు తలెత్తలేదు చూడు, అది." బైబిలును గేటు పక్క గట్టు మీద పెట్టింది. "పక్కన కూచోబెట్టుకుని నేర్పించినావే. ఒక్క మాట, నిజమే సార్ అనింటే నీ ఉద్యోగం పోయేదా?"

"పోదు. భయపడినా."

"దేనికి?"

దేనికో నాకూ తెలియదు.  అందరికీ అన్నం పెట్టే మనిషి అని మనసులో ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టాను ఆయన్ని. నిజానికి ఆ అన్నం మా పని వల్ల వస్తోంది. ఈ మాటలన్నీ అప్పుడు అనలేదు. "తప్పు చేసినా" అని మాత్రం అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఇక పొమ్మంటుందనుకున్నాను. కాసేపటికి వచ్చి, "నకలు నా దగ్గర ఉండాది. ఇస్తే సార్ నన్ను దొంగ అంటాడు" అంది.

"ఆయనే పర్మిషన్ ఇచ్చిన మెయిల్ నా దగ్గర ఉండాది."

"అది కాగితం మీద రాసి సంతకం పెట్టు. నా ఎక్స్‌పీరియన్స్ లెటర్ వచ్చినాకే ల్యాప్‌టాప్ తెరుస్తా."

ఆమె నోటు పుస్తకంలోంచి పేజీ చింపి అక్కడే రాసిచ్చాను. తర్వాత ఓనరుకు ఫోను చేసి, ఆమె వినేలా స్పీకరు పెట్టాను. నకలు ఉందని చెప్పగానే అటునుంచి అరుపు.

"దొంగతనం అది! మన కోడు వాళ్ళింట్లో ఎందుకుండాది?"

"మీరే మెయిల్లో సరే అన్నారు సార్. ఆ నకలు ఉంది కాబట్టే ఈరోజు మనకు దిక్కు. లెటర్ పంపించండి."

"ముందు అది తీసుకోనిరా, లెటర్ తర్వాత చూద్దాం."

"చూద్దాం అనే మాట వద్దు సార్" అని ఫోను పెట్టేశాను.

గంటన్నరకు మెయిల్ వచ్చింది. లెటర్ కింద ఒక లైను చేర్చాడు: ప్రవర్తన సంతృప్తికరంగా లేదు. ఆ పిల్ల నవ్వింది. ఆ ఇంట్లో అప్పటికి అదే మొదటి నవ్వు. ఎందుకు నవ్విందో గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత నష్టం మధ్య కూడా ఆ ఒక్క లైను రాయడానికి ఆయనకు తీరిక దొరికింది. ఆ లైను తీసేసి పంపితేనే పని మొదలవుతుందని తిరిగి రాశాను. రెండోది సరిగ్గా వచ్చింది. ఆలోపు వాళ్ళమ్మ ఇద్దరికీ సంగటి, అందులోకి శనక్కాయల ఊరిబిండి పెట్టింది. 

తిన్నాక ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెరిచింది.

నేను తెచ్చిన డిస్కులో పాడైన రెపో ఉంది. తన దగ్గరున్నది ఆరు వారాల పాతది, కానీ ఆరోగ్యంగా ఉంది. ఆ పెద్ద మూట ముందుగా తన నకలు నుంచి తెచ్చి పాతదాని స్థానంలో పెట్టాం. దాదాపు అయిదేళ్ళ పని ఒక్క దెబ్బతో వెనక్కి వచ్చింది.  మిగిలినవి ఈ ఆరు వారాలవి. లెక్కపెడితే పదకొండు ఫైళ్ళు సున్నా బైట్లతో ఉన్నాయి.

రెపోలో ప్రతి ఫైలుకూ ఒక పొడుగాటి పేరు ఉంటుంది. ఆ పేరు ఎవరూ పెట్టరు, ఫైల్లో ఉన్నదాన్నిబట్టి లెక్కకట్టి వస్తుంది. ఒక్క కామా తేడా ఉన్నా పేరు మొత్తం మారిపోతుంది. అంటే, అదే ఫైలు బయట ఎక్కడన్నా దొరికితే, పేరు లెక్కకట్టి సరిపోతుందో లేదో చూసుకోవచ్చు. సరిపోయిందంటే అది అక్షరాలా అదే. డిస్కులోనే, ప్రోగ్రాము రాసే మా నలుగురి ఫోల్డర్లలో మిగిలిన ఫైళ్ళను ఒక్కొక్కటి పట్టి చూశాం. తొమ్మిది దొరికాయి. పేరు సరిపోయిన ప్రతిసారీ తను "వచ్చింది" అనేది. మొదట నావైపు చూడకుండా అంది, తర్వాత తర్వాత చూసి అంది.

పదోది విరిగిన మూలలు పట్టే ఫైలు. రెండు వారాల కిందట బేతంచెర్లలో ఒక ఫ్యాక్టరీలో నేనే పెట్టి వచ్చాను. అక్కడి మిషను ఆపరేటరుకు ఫోను చేశాను. వెనక పాలిష్ మిషను హోరు.

"ఏమప్పా, మన కంప్యూటర్లో ఒక ఫైలు కావాల, పంపిస్తావా?"

"యాడుండాదమ్మా అది?"

"కెమెరా బొమ్మ నొక్కు. లోపల మూల అని ఉండాది చూడు."

"ఉండమ్మా, చేతులు తడిగా ఉండాయి, తుడుచుకొని వస్తా." కాసేపు హోరు తగ్గింది. ఏ కీ నొక్కాలో, దేన్ని దేనికి అంటించాలో చెప్పుకుంటూ పోతే పావుగంటకు ఫైలు ఫోనుకు వచ్చింది. "సరిపోయిందామ్మా?" అని అడిగాడు. ఇంతమందిలో పని సరిపోయిందా అని అడిగినవాడు ఆయనొక్కడే. పేరు లెక్కకట్టాం. సరిపోయింది.

పదకొండోది దొరకలేదు. అది నేను రాసినదే, రెండు రోజుల పని. ఆ ఒక్క రోజు నమోదును పక్కన పెట్టి ముందూ వెనకా కలిపేశాం. చరిత్రలో అక్కడ ఒక కంత ఉంది, ఎప్పటికీ ఉంటుంది. దాని తర్వాతి రూపాలు ఉన్నాయి కాబట్టి పని ఆగలేదు.

ఎండ తగ్గుతుండగా బయల్దేరాను. ఆటో దాకా వచ్చింది. "మళ్ళీ మన ఆఫీసుకి వస్తావా, నేను మాట్లాడతా" అన్నాను. ఎంత తెలివితక్కువ మాట!

"రాను అక్కా. నువ్వు ఆడ ఎందుకుండావో ఆలోచించుకో" అంది.

సోమవారం రెపో ఎక్కించి అందరూ పని మొదలుపెట్టాక ఓనరు నన్ను పిలిచాడు. "దాంట్లో ఆ పిల్ల పేరు శానా చోట్ల ఉండాది గదా. తీసేయి" అన్నాడు. తీస్తే ఆ తర్వాతి పేర్లన్నీ మారిపోతాయి, మళ్ళీ అంతా కూలిపోతుంది అన్నాను. సగం నిజమే. ఆయన చెప్పినట్టు చేయడానికి దారులున్నాయి. అవి ఆయనకు చెప్పలేదు.

కొత్త బ్యాటరీలు వచ్చాయి. కొత్త డిస్కు వచ్చింది. తర్వాతి వారం బేతంచెర్ల నుంచి వచ్చిన ఇద్దరు ఫ్యాక్టరీ యజమానులకు టీ ఇస్తూ, మా సిస్టం అంటే గట్టిది, ఒక్క లైను కూడా పోదు అని ఓనరు చెబుతున్నాడు. నేను కొలతల కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"పోయింది సార్. ఇంతకు ముందు మన దగ్గర పనిచేసిన అమ్మాయి తన ల్యాప్‌టాప్ నుంచి ఇస్తే వచ్చింది. ఆమె లేకుంటే ఈ టీ తాగేకి వీళ్ళు వచ్చుండరు" అన్నాను.

వాళ్ళిద్దరూ ఆయన ముఖం చూశారు. ఆయన నా ముఖం చూశాడు. ఆ మాట ఆలస్యంగా వచ్చిందని, రావాల్సిన చోట రాలేదని నాకు తెలుసు. అయినా అని, కొలతల కాగితాలు టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. నాలుగు నెలలకు నేనూ ఆ ఉద్యోగం మానేశాను. ఇంకొక చోట కుదురుకునేదాకా ఆగి మరీ మానేశాను, అదేం గొప్ప కాదు.

ఆ పిల్ల ఇప్పుడు కడపలో ఒక రక్తపరీక్షల ల్యాబుకు సాఫ్ట్‌వేర్ చూస్తోంది. క్రిస్మస్‌కు మెసేజి పెడితే "థ్యాంక్స్ అక్కా" అని జవాబిచ్చింది. అంతే. పాత రోజుల్లో అయితే పొడుగాటి వాయిస్ మెసేజి పెట్టేది, వెనక వాళ్ళమ్మ కేకలు వినపడేవి. ఆ పాతది తిరిగి తెమ్మని నేను అడగలేను. ఓనరు మీద కోపం ఒక్కోరోజు మరిచిపోతాను. ఆ సోమవారం మీటింగులో కీబోర్డు వైపు చూసిన మనిషి మీద మాత్రం ఇంకా ఉంది.